వైర్‌లెస్ కాలర్ మైక్ కొంటున్నారా? రేంజ్ సంగతి తర్వాత, సిగ్నల్ తెగితే ఏం మిగులుతుందో ముందు చూడండి

రెండేళ్ల కిందట ఒక పెద్దాయనతో ఇంటర్వ్యూ తీశాను. యాభై నిమిషాలు చాలా బాగా మాట్లాడారు. మధ్యలో ఒకసారి లేచి, కెమెరాకి వీపు పెట్టి, గోడ వైపు ఉన్న షెల్ఫ్‌లోంచి ఒక పాత ఫోటో తీస్తూ దాని వెనక కథ చెప్పారు, నిజానికి ఆ ఇంటర్వ్యూకి ప్రాణం ఆ కథే. రాత్రి ఎడిటింగ్‌కి కూర్చుంటే ఆ రెండు నిమిషాలూ "అప్పు... మా నా... వాళ్లంద... లేదు" అని ముక్కలు ముక్కలుగా వచ్చింది. మైక్ డబ్బా మీద 100 మీటర్లు అని రాసి ఉంది. ఆయన నాకు పన్నెండు అడుగుల దూరంలో ఉన్నారు. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకోలేదు, అది పూర్తిగా నా తప్పే. ఆ మైక్‌కి తనలో తాను రికార్డ్ చేసుకునే వసతి లేదు, ఆ సంగతి కొనేటప్పుడు నేను అసలు పట్టించుకోలేదు. మళ్లీ చెప్పించుకోవచ్చు కదా అంటారేమో, చెప్పించాను కూడా, కానీ రెండోసారి ఆ గొంతులో ఆ తడి రాలేదు.

అప్పట్నుంచి ఎవరైనా "ఏ మైక్ కొనమంటావ్?" అంటే బ్రాండ్ పేరు చెప్పే ముందు రెండు ప్రశ్నలు అడుగుతున్నాను. ఆ సౌండ్ ఫోన్‌లోకి వెళ్లాలా, కెమెరాలోకి వెళ్లాలా? తీస్తున్నది చెడిపోతే మళ్లీ తీయడానికి వీలుందా, లేదా? ఈ రెండిటికీ జవాబు తేలితే మార్కెట్లో ఉన్న మోడల్స్‌లో సగం వాటంతటవే పక్కకి తప్పుకుంటాయి. మిగతా సగంలో ఏది కొన్నా పెద్దగా బాధపడరు.

అసలు వైర్‌లెస్ అవసరమా?

కొనిపించే వ్యాసంలో ఈ ప్రశ్న ఎవరూ అడగరు కాబట్టి నేనే అడుగుతున్నా. మీరు ఒకే చోట కూర్చుని కెమెరాతో మాట్లాడే రకం వీడియోలు చేస్తుంటే, పాఠాలు కావచ్చు, రివ్యూలు కావచ్చు, వైరున్న కాలర్ మైక్ చాలు. బోయా బీవై-ఎం1 లాంటి వాటికి 6 మీటర్ల వైరు వస్తుంది, గది మొత్తం సరిపోతుంది. దాన్ని కెమెరాకి పెట్టినప్పుడు లోపల ఎల్‌ఆర్44 అనే చిన్న బటన్ బ్యాటరీ ఉండాలి, స్విచ్ కూడా కెమెరా వైపు ఉండాలి. ఈ రెండూ మర్చిపోయి మైక్ పాడైపోయిందనుకుని పక్కన పడేసినవాళ్లు నాకే ఇద్దరు తెలుసు. వైరు ఉంటే సిగ్నల్ తెగడం ఉండదు, ఛార్జింగ్ టెన్షన్ ఉండదు, పక్కింటి వైఫై గొడవ ఉండదు.

నడుస్తూ మాట్లాడాలి కానీ ఖర్చు పెట్టలేను అంటే ఇంకో దారి ఉంది. వైరు మైక్‌ని మాట్లాడేవాళ్ల జేబులోని ఫోన్‌కి గుచ్చి, వాయిస్ రికార్డర్ ఆన్ చేసి వదిలేయండి. మొదట్లో కెమెరా ముందు గట్టిగా ఒక చప్పట కొడితే, ఎడిటింగ్‌లో కెమెరా సౌండ్‌లోని ఆ చప్పట గీతనీ ఫోన్ సౌండ్‌లోని గీతనీ ఒకదాని కింద ఒకటి పెట్టుకోవచ్చు. ఫోన్‌ని మాత్రం ఫ్లైట్ మోడ్‌లో పెట్టించండి. ఇదే పనికి టాస్కామ్ డీఆర్-10ఎల్, జూమ్ ఎఫ్2 లాంటి అగ్గిపెట్టె సైజు రికార్డర్లు కూడా ఉన్నాయి. వాటి నుంచి కెమెరాకి సౌండ్ రాదు, ఒంటి మీదే రికార్డ్ అవుతుంది, తర్వాత కలుపుకోవాలి. పెద్ద షూట్‌లలో కూడా వీటిని వాడేవాళ్లున్నారు, కాబట్టి నామోషీ ఏమీ లేదు.

ఇంత చెప్పినా వైర్‌లెస్సే కావాలనిపిస్తోందా, సరే, పదండి.

డబ్బా మీద మీటర్లు, గదిలో అడుగులు

డీజేఐ మైక్ 2 డబ్బా మీద 250 మీటర్లు, రోడ్ వైర్‌లెస్ గో 2 (రోడ్డు కాదండీ, కంపెనీ పేరే అది) మీద 200, హాలీల్యాండ్ లార్క్ ఎం2 మీద 300, డీజేఐ మైక్ మినీ మీద 400. ఈ అంకెలు అబద్ధాలు కావు. ఖాళీ మైదానంలో, ట్రాన్స్‌మిటర్‌కీ (ఒంటి మీద పెట్టుకునేది) రిసీవర్‌కీ (కెమెరాకో ఫోన్‌కో పెట్టేది) మధ్య ఏ అడ్డూ లేనప్పుడు వచ్చే అంకెలవి. మనం అలాంటి చోట వీడియో ఎప్పుడు తీస్తాం చెప్పండి? 400 మీటర్ల దూరంలో మనిషి కెమెరాలో చీమ తలకాయంత కూడా కనిపించడు.

ఈ చిన్న క్లిప్ మైకులన్నీ దాదాపుగా 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. వైఫై, బ్లూటూత్ ఉండేదీ అక్కడే, మైక్రోవేవ్ ఓవెన్ చిందరవందర చేసేదీ అక్కడే. లైసెన్స్ గొడవ లేకుండా ఎక్కడైనా వాడుకోవచ్చు కాబట్టి అందరూ అక్కడికే చేరారు. ఈ తరంగం పొడవు దాదాపు 12 సెంటీమీటర్లు. మనిషి ఒళ్లేమో చాలావరకు నీళ్లు, ఆ నీళ్లు ఈ సిగ్నల్‌ని మింగేస్తాయి. అందుకే గుండె మీద మైక్ పెట్టుకున్న మనిషి వెనక్కి తిరిగితే, మధ్యలో ఒక నీళ్ల డ్రమ్ము పెట్టినట్టే. గదిలో అయితే గోడలకి తగిలి తిరిగొచ్చే సిగ్నల్ కొంత కాపాడుతుంది. ఆరుబయట ఆ గోడలు కూడా ఉండవు, అందుకే ఇంట్లో బాగా పనిచేసిన మైక్ మైదానంలో మొండికేస్తుంటే జనానికి అర్థం కాదు.

దీనికి తోడు జనం. ఒక హాల్లో పొద్దున ఖాళీగా ఉన్నప్పుడు టెస్ట్ చేస్తే చివరి వరుస దాకా సిగ్నల్ వచ్చింది. సాయంత్రం కుర్చీలన్నీ నిండాయి, అందరి జేబుల్లో ఫోన్లు, అందరి ఫోన్లలో వైఫై, బ్లూటూత్. ఐదో వరుస దాటగానే చిటపటలు. మైక్ అదే, హాలు అదే. కాబట్టి ఎన్ని మీటర్లన్నది పోలికలోంచే తీసేయండి. మీ పని 20 మీటర్ల లోపు అయితే పేరున్న ఏ మోడల్ అయినా చేరుతుంది. తేడా వచ్చేది తెగినప్పుడే.

మైక్‌లోనే రికార్డింగ్: నా దృష్టిలో అసలు గీత ఇదే

కొన్ని ట్రాన్స్‌మిటర్లు సౌండ్‌ని గాల్లోకి పంపుతూనే తమ మెమరీలో కూడా ఒక కాపీ రాసుకుంటాయి. గాల్లో వెళ్లింది తెగినా ఒంటి మీద ఉన్నది తెగదు. నా పెద్దాయన కథ పోయింది ఇది లేకే. రోడ్ వైర్‌లెస్ గో 2 (2021)లో ఇది ఉంది, కాకపోతే ఆ ఫైళ్లు బయటికి తీయాలంటే కంప్యూటర్లో వాళ్ల సాఫ్ట్‌వేర్ కావాలి, కొంచెం విసుగు. డీజేఐ మైక్ 2లో 8 జీబీ మెమరీ ఉంది, 14 గంటల దాకా పడుతుంది, కేబుల్ పెడితే పెన్‌డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. హాలీల్యాండ్‌లో లార్క్ మ్యాక్స్‌కి ఉంది, లార్క్ ఎం2కి లేదు. డీజేఐ మైక్ మినీకి కూడా లేదు. ఒకే కంపెనీలో చిన్నదానికీ పెద్దదానికీ ధరలో తేడా ఎందుకు అంటే చాలావరకు జవాబు ఇక్కడే ఉంటుంది, బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా మెరుస్తుంటాయి మరి.

ఇది ఉన్నంత మాత్రాన నిశ్చింతగా పడుకోవచ్చని కాదు. చాలావాటిలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని ఆన్ చేసుకోవాలి. డబ్బా తెరిచిన రోజే "పవర్ ఆన్ కాగానే రికార్డింగ్ మొదలు" అనే ఆప్షన్ ఉందేమో వెతికి పెట్టేసుకోండి. ఇంకొకటి, ట్రాన్స్‌మిటర్ గడియారం వేరు, కెమెరా గడియారం వేరు. గంటసేపు తీస్తే రెండిటి మధ్య ఒకటో రెండో ఫ్రేములు జరగొచ్చు, పెదాలకీ మాటకీ పొంతన తప్పినట్టు కనిపిస్తుంది. మొత్తం ఫైలు మార్చకండి, తెగిన చోట మాత్రం ఆ ముక్క తెచ్చి అతికించుకుంటే సరిపోతుంది. రోజూ రెండు మూడు కెమెరాలతో తీసేవాళ్లయితే టైమ్‌కోడ్ (కెమెరాలూ మైకులూ ఒకే గడియారం చూసి ఫైలు మీద వేసుకునే టైమ్ ముద్ర) ఉన్న రోడ్ వైర్‌లెస్ ప్రో లాంటిది చూడాలి. మిగతావాళ్లకి ఆ మాట పట్టదు, వదిలేయండి.

32-బిట్ ఫ్లోట్ అనే రికార్డింగ్ పద్ధతి గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఈ మధ్య ప్రతి డబ్బా మీదా అదే కదా. మామూలు 24-బిట్ రికార్డింగ్‌లో పైకి ఒక కప్పు ఉంటుంది. మెల్లగా మాట్లాడుతున్న మనిషి ఉన్నట్టుండి పగలబడి నవ్వితే సౌండ్ వెళ్లి ఆ కప్పుకి కొట్టుకుంటుంది, వాయిస్ పగిలిపోతుంది, ఆ పగిలింది మళ్లీ అతకదు. ఫ్లోట్‌లో ఫైలుకి ఆ కప్పు ఉండదు. ఎడిటింగ్‌లో వాల్యూమ్ కిందికి లాగితే నవ్వు నవ్వులాగే దొరుకుతుంది, మెల్లగా అన్న మాటని పైకి లేపినా అనవసరమైన గరగర కలవదు. వైర్‌లెస్ ప్రో, డీజేఐ మైక్ 2, రోడ్ వైర్‌లెస్ గో మూడో తరం, వీటన్నిటిలో ఉంది.

అయితే డబ్బా మీద చిన్న అక్షరాల్లో కూడా సరిగ్గా రాయని సంగతి ఒకటుంది: ఆ ఫ్లోట్ మైక్ లోపలి ఫైలుకే. గాల్లోంచి కెమెరాకి వచ్చే సౌండ్‌కి ఆ రక్ష లేదు, అది మామూలుగానే పగులుతుంది. మైక్ నోట్లో పెట్టుకున్నట్టు అరిస్తే ఆ మైక్ గుండీ (సౌండ్‌ని పట్టుకునే చిన్న భాగం) పరిమితే దాటిపోతుంది, అప్పుడు ఏ బిట్టూ కాపాడదు. అంటే షూట్ అయ్యాక లోపలి ఫైళ్లు తీసి కలుపుకునే ఓపిక మీకు లేకపోతే ఫ్లోట్‌కి అదనంగా డబ్బు పెట్టడం దండగ. దాని బదులు సేఫ్టీ ట్రాక్ చూసుకోండి. రిసీవర్ రెండు ఛానెళ్లలో ఒకదానిలోకి మామూలు సౌండ్, రెండోదానిలోకి అదే సౌండ్ కొన్ని డెసిబెల్స్ తగ్గించి పంపుతుంది. మొదటిది పగిలితే రెండోది ఉంటుంది. పాత కాలపు ఉపాయమే, కానీ కెమెరాలోనే వచ్చేస్తుంది కాబట్టి బద్ధకస్తులకి, అంటే నాకు, ఇదే నయం.

ఫోన్‌తో తీసేవాళ్లకి

ఫోన్ కింద గుచ్చే చిన్న రిసీవర్ ఉన్న సెట్లు ఇప్పుడు చాలా బాగున్నాయి. లార్క్ ఎం2 ట్రాన్స్‌మిటర్ 9 గ్రాములు, మైక్ మినీది 10 గ్రాములు, చొక్కా కాలర్ వంగదు, మైక్ ఉందని మాట్లాడేవాళ్లు మర్చిపోతారు. సౌండ్ డిజిటల్‌గానే ఫోన్‌లోకి వెళ్తుంది కాబట్టి కెమెరాల్లో వచ్చే హిస్ (వెనకాల సన్నగా వినిపించే బుసబుస) గొడవ కూడా తక్కువ.

కొనే ముందు చూసుకోవాల్సింది పిన్ను. ఐఫోన్ 15 (2023) నుంచి టైప్-సి, అంతకుముందు ఐఫోన్లకి లైట్నింగ్. రెండు రకాల ఫోన్లూ వాడే ఇల్లయితే రెండు పిన్నులూ డబ్బాలో ఇస్తున్నారో లేదో చదవండి. ఫోన్‌కి లావు కవర్ ఉంటే పిన్ను పూర్తిగా దిగదు, సగం దిగిన పిన్నుతో పది నిమిషాలు బాగా వచ్చి పదకొండో నిమిషంలో ఫోన్ తన సొంత మైక్‌కి మారిపోతుంది. స్క్రీన్ మీద ఏమీ చెప్పదు, మీకు ఇంటికెళ్లాకే తెలుస్తుంది. గంటలకొద్దీ లైవ్ ఇచ్చేవాళ్లయితే రిసీవర్‌కి పక్కన ఛార్జింగ్ రంధ్రం ఉన్నదే తీసుకోవాలి. అన్నట్టు, కొన్ని ఫోన్లలో రిసీవర్ గుచ్చి ఉన్నంతసేపు స్పీకర్ మూగబోతుంది, ఎందుకంటే ఫోన్ దాన్ని హెడ్‌సెట్ అనుకుంటుంది. తీసిన వీడియో ప్లే చేసి "అయ్యో సౌండే రాలేదు" అని కంగారు పడకండి, రిసీవర్ పీకి మళ్లీ వినండి.

బ్లూటూత్‌తో నేరుగా ఫోన్‌కి కలిపే సదుపాయం డీజేఐ మైక్ 2 లాంటి వాటిలో ఉంది. రిసీవర్ మర్చిపోయిన రోజుకి పనికొస్తుంది, రోజువారీ పనికి మాత్రం వద్దు. బ్లూటూత్‌లో సౌండ్ నాణ్యత తగ్గుతుంది, ఆలస్యం పెరుగుతుంది. సొంత రిసీవర్‌తో వచ్చే ఆలస్యం కొద్ది మిల్లీసెకన్లే, సెకనుకి 25 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేమ్ 40 మిల్లీసెకన్లు కాబట్టి కంటికి తెలియదు.

పేరూ ఊరూ లేని చవక మైకులు కూడా కొందరికి పనికొస్తాయి, కాదనను. రీల్స్ కోసం వీధిలో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేయడానికి ఫర్వాలేదు. వాటితో ఇబ్బంది నాయిస్ క్యాన్సిలేషన్. చాలావాటిలో అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, ఆపే బటన్ ఉండదు, మనిషి బావిలోంచి మాట్లాడుతున్నట్టు ఉంటుంది, మాట చివర్లు కత్తిరించేస్తుంది. మంచి మైకుల్లో కూడా దాన్ని ఆఫ్‌లో పెట్టి తీసి, నాయిస్ సంగతి ఎడిటింగ్‌లో చూసుకోవడమే మేలు. అక్కడ బాగాలేకపోతే వెనక్కి పోవచ్చు, మైక్‌లోనే కోసేసిన మాట వెనక్కి రాదు.

కెమెరాతో తీసేవాళ్లకి

మీ కెమెరాకి మైక్ రంధ్రం ఉందా? నవ్వకండి, కొన్ని ఎంట్రీ లెవెల్ కెమెరాలకి ఉండదు. ఉంటే, వైరు పిన్ను చివర నల్ల గీతలు లెక్కపెట్టండి. రెండు గీతలుంటే టీఆర్‌ఎస్, అది కెమెరాకి. మూడు గీతలుంటే టీఆర్‌ఆర్‌ఎస్, అది పాత హెడ్‌ఫోన్ రంధ్రం ఉన్న ఫోన్లకి. రెండూ ఒకే సైజు, రెండూ దూరతాయి, తప్పుది పెడితే సౌండ్ రాకపోవచ్చు, వచ్చినా పీలగా, గుయ్‌మని వస్తుంది. మైక్‌కి ఏదైనా అయిందేమో అని వచ్చే ఫిర్యాదుల్లో నేను చూసినవాటిలో చాలావరకు ఈ గీతల గొడవే.

రెండోది లెవెల్. కెమెరా లోపల మైక్ సౌండ్‌ని పెంచే ప్రీఆంప్ సాధారణంగా నాసిరకం, దాన్ని ఎంత పెంచితే అంత ఇసుక రాలినట్టు హిస్ వస్తుంది. కాబట్టి కెమెరాలో ఆటో తీసేసి, మాన్యువల్‌లో ఒకటీ రెండు గీతల దగ్గర ఉంచి, మిగతా బలం రిసీవర్ వైపు నుంచి పెంచండి. మామూలుగా మాట్లాడితే మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి, గట్టిగా అంటే మైనస్ 6 దాటకూడదు. ఆటోలో వదిలేస్తే మనిషి ఊపిరి తీసుకునే ప్రతి విరామంలోనూ కెమెరా గాభరాగా వాల్యూమ్ పెంచేసి ఫ్యాన్ చప్పుడు లాక్కొస్తుంది. ఇంత ఖరీదు పెట్టి మైక్ కొని దీని వల్ల "మైక్ బాలేదు" అనుకునేవాళ్లు ఎందరో.

మూడోది హెడ్‌ఫోన్ రంధ్రం. కెమెరాకి ఉంటే సరే సరి, లేకపోతే రిసీవర్‌కైనా ఉండాలి. డీజేఐ మైక్ 2 రిసీవర్‌కీ వైర్‌లెస్ ప్రో రిసీవర్‌కీ ఉంది, మైక్ మినీకి లేదు. నా ప్రకారం చూస్తే లోపలి రికార్డింగ్ తర్వాత చూడాల్సింది ఇదే, టచ్ స్క్రీన్లూ రంగురంగుల కవర్లూ దీని తర్వాతే.

మైక్ డబ్బా గుండె మీద కనిపించాలా?

ఇప్పటి క్లిప్ మైకులు నిజానికి కాలర్ మైకులు కావు, ట్రాన్స్‌మిటర్లోనే మైక్ ఉన్న చిన్న డబ్బాలు. చొక్కా మీద లోగోతో సహా కనిపిస్తాయి. యూట్యూబ్‌లో ఎవరికీ అభ్యంతరం లేదు, కానీ కథ ఉన్న వీడియోకో, కంపెనీ వీడియోకో అది బాగోదు. అప్పుడు ట్రాన్స్‌మిటర్‌ని నడుము దగ్గర పెట్టి, దానికి చిన్న వైరు కాలర్ మైక్ గుచ్చి, మైక్ గుండీని బట్టల కింద దాచాలి. దీనికి ట్రాన్స్‌మిటర్‌కి 3.5 మి.మీ. రంధ్రం ఉండాలి. గో 2కీ, డీజేఐ మైక్ 2కీ ఉంది, మైక్ మినీకి లేదు. వైర్‌లెస్ ప్రోలో అయితే మర బిగించుకునే లాక్ కూడా ఉంది, డబ్బాలోనే రెండు కాలర్ మైకులు ఇస్తారు. లాక్ ఎందుకంటారా, కూర్చుని లేచేటప్పుడు వైరు ఒక్కసారి కుర్చీ చేతికి తగులుకుంటే తెలుస్తుంది.

ఎక్కడ పెట్టాలన్నది మోడల్ కంటే ముఖ్యం, కానీ చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. గడ్డం కింద జానెడు దూరంలో, ఎదురొమ్ము మధ్యలో. దూరం రెట్టింపైతే నేరుగా చేరే మాట 6 డెసిబెల్స్ పడిపోతుంది, గది మోత మాత్రం అలాగే ఉంటుంది. మెడలో గొలుసు ఉంటే టిక్ టిక్ అని కొట్టుకుంటుంది. గంజి పెట్టిన బట్ట, సిల్కు లాంటివి బరబరమంటాయి, మెత్తటి నూలు బట్ట మంచిది. ఆరుబయట అయితే గాలి చప్పుడు ఆపే బొచ్చు టోపీ తప్పనిసరి, దాన్ని డబ్బాలో ఇస్తారు, ఇచ్చింది చిన్న రంధ్రంలో గట్టిగా కూర్చుంటుందో లేదో చూడండి, నేను మూడు పోగొట్టుకున్నాను.

క్లిప్ లేకుండా అయస్కాంతంతో అంటించే మైకులు చాలా సుఖం. కానీ ఎదుటి మనిషికి పేస్‌మేకర్ ఉందేమో ముందే అడగండి. అయస్కాంతాన్ని పేస్‌మేకర్‌కి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి, అంటే ఎదురొమ్ము మీద అయస్కాంతం మాటే వద్దు, మామూలు క్లిప్ వాడండి. పెద్దవాళ్ల ఇంటర్వ్యూలు తీసేవాళ్లు దీన్ని అలవాటుగా అడగాలి.

యూహెచ్‌ఎఫ్ ఎవరికి?

సోనీ యూడబ్ల్యూపీ-డి21, సెన్‌హైజర్ ఈడబ్ల్యూ 100 జీ4, ఇవి యూహెచ్‌ఎఫ్ అనే, 2.4 గిగాహెర్ట్జ్ కంటే కిందుండే రేడియో తరంగాల మీద పనిచేసే, నడుముకి పెట్టుకునే బాడీప్యాక్‌తో, యాంటెన్నా తోకలతో వచ్చే పాత తరహా సెట్లు. చూడ్డానికి మొరటు. కానీ పెద్ద సభలు, స్టేజీ కార్యక్రమాలు, జనం మధ్య షూటింగ్ రోజూ ఉండేవాళ్లు వీటినే ఎందుకు పట్టుకుని వేలాడుతున్నారంటే, వీటి తరంగం పొడవు అర మీటరు దాకా ఉంటుంది, మనిషి ఒంటిని చుట్టుకుని అవతలికి పోగలదు. వైఫై రద్దీ ఉండదు. రెండు ఏఏ బ్యాటరీలతో నడుస్తాయి, అయిపోతే అర నిమిషంలో కొత్తవి వేసుకోవచ్చు. క్లిప్ మైకుల్లోనేమో లిథియం సెల్ లోపల అంటించేసి ఉంటుంది, రెండు మూడేళ్లకి ఏడు గంటలది నాలుగు గంటలకి దిగుతుంది, మార్చుకోవడానికి దారి లేదు. సెకండ్ హ్యాండ్ క్లిప్ మైక్ కొనేవాళ్లు సౌండ్ కంటే ముందు ఇది పరీక్షించుకోవాలి.

యూహెచ్‌ఎఫ్‌కి ఉన్న పెద్ద చిక్కు ఫ్రీక్వెన్సీ. ఏ దేశంలో ఏ ముక్క వాడొచ్చన్నది వేరువేరు, కొన్నిచోట్ల లైసెన్స్ కావాలి, పైగా ఆ ముక్కలు మారుతుంటాయి. అమెరికాలో 600 మెగాహెర్ట్జ్ ప్రాంతాన్ని మొబైల్ కంపెనీలకి ఇచ్చేశాక, 2020 జూలై 13 నుంచి అక్కడ చాలా భాగంలో వైర్‌లెస్ మైకులు వాడటం నిషేధం. బాగా పనిచేస్తున్న సెట్లు కూడా మూలపడ్డాయి. కాబట్టి సగం ధరకి ఎవరో విదేశం నుంచి తెచ్చిన సెట్ అమ్ముతున్నారంటే, సంబరపడే ముందు దాని వెనక రాసి ఉన్న బ్యాండ్ ఏ మెగాహెర్ట్జ్ నుంచి ఏ మెగాహెర్ట్జ్ దాకానో చూసి, మీ దేశంలో అది చెల్లుతుందో లేదో నిర్ధారించుకోండి. ఇంకో మాట, ఈ మామూలు సెట్లలో ఒక మనిషికి ఒక ట్రాన్స్‌మిటర్, ఒక రిసీవర్. ఇద్దరంటే కెమెరా మీద రెండు డబ్బాలు. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే వీడియోలకి ఇది అనవసరపు బరువు.

ఇద్దరి సంగతి వచ్చింది కాబట్టి: రెండు ట్రాన్స్‌మిటర్ల క్లిప్ సెట్‌లో మోనో, స్టీరియో అని రెండు మోడ్‌లు ఉంటాయి. ఇద్దరు మాట్లాడుతుంటే స్టీరియోలో పెట్టండి, ఒకరి గొంతు ఎడమకి, ఇంకొకరిది కుడికి విడివిడిగా వస్తుంది. ఒకరు దగ్గినప్పుడు వాళ్లది మాత్రమే తగ్గించుకోవచ్చు. ఎడిటింగ్‌లో రెండిటినీ మధ్యలోకి తేవడం మర్చిపోతే మాత్రం, ఇయర్‌ఫోన్స్‌తో చూసేవాళ్లకి ఇద్దరూ చెరో చెవిలో పోట్లాడుకుంటున్నట్టు ఉంటుంది.

మరి నేనైతే ఏది కొంటాను

ఫోన్‌తో మాత్రమే తీస్తూ, తప్పు వస్తే మళ్లీ చెప్పగలిగే పని అయితే లార్క్ ఎం2, మైక్ మినీ తరగతిలో ఏది దొరికితే అది, రెండిటి మధ్య ఆలోచిస్తూ వారం పాడుచేసుకోను. ఇంటర్వ్యూలు, కార్యక్రమాలు, ఒక్కసారే జరిగేవి ఏవైనా తీస్తుంటే లోపలి రికార్డింగ్ లేనిది ఉచితంగా ఇచ్చినా వద్దు. అక్కడ డీజేఐ మైక్ 2 నాకు సుఖంగా ఉంటుంది, ఫైళ్లు తీయడం తేలిక, కేసులో పెడితే ఛార్జింగ్ తనే చూసుకుంటుంది. వైరు మైక్ దాచి పెట్టే పని ఎక్కువుంటే, టైమ్‌కోడ్ కావాలంటే వైర్‌లెస్ ప్రో. పాత గో 2 తక్కువకి దొరికి, బ్యాటరీ ఆరోగ్యంగా ఉంటే అది ఇప్పటికీ నిక్షేపంగా పనిచేస్తుంది, ఫ్లోట్ లేదని చిన్నచూపు అక్కర్లేదు. నిండిన హాళ్లలో రోజూ తీసేవాళ్లకి యూహెచ్‌ఎఫ్. కుర్చీలోంచి లేవనివాళ్లకి ఆ 6 మీటర్ల వైరు.

ఏది కొన్నా, వాపస్ ఇచ్చే గడువు లోపల ఒక పరీక్ష చేయండి. రిసీవర్‌ని కెమెరాకో ఫోన్‌కో పెట్టి ఛాతీ ఎత్తులో నిలబెట్టండి, హెడ్‌ఫోన్స్ ఉన్న ఇంకో మనిషిని అక్కడ కూర్చోబెట్టండి. మీరు మైక్ పెట్టుకుని ముందు ఇరవై సెకన్లు ఏమీ మాట్లాడకుండా నిలబడండి, హిస్ ఎంతో తెలుస్తుంది. తర్వాత ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెడుతూ నడవండి, పది దగ్గర వెనక్కి తిరిగి వీపు చూపిస్తూ మిగతా పది లెక్కపెట్టండి, పక్క గదిలోకి వెళ్లి మళ్లీ లెక్కపెట్టండి, చివర్లో ఒకసారి గట్టిగా నవ్వండి. ఇదే తతంగం ఆరుబయట ఒకసారి. వీపు తిప్పిన పది అంకెల్లో ఒక్కటి మింగేసినా, ఆ అంకె మైక్ లోపలి ఫైలులో ఉందో లేదో తెరిచి వినండి. అక్కడా లేకపోతే డబ్బాలో సర్దేసి వెనక్కి పంపించేయండి, బిల్లు ఇంకా చేతిలోనే ఉంది కదా.